వృద్ధుల జ్వరమునందు సంధియు, గుండె జబ్బును

మన ఇండ్లలో ముసలివారికి జ్వరము తగిలి, మాటలకు పొంతన తప్పి, ఎదుట నిలిచిన కొడుకును సైతము పోల్చుకొనలేని స్థితి కలిగినప్పుడు ‘సంధి పుట్టినది’ అనుట తరతరములుగా వచ్చుచున్న వాడుక. ఆయుర్వేద గ్రంథములు దీనిని సన్నిపాత జ్వర లక్షణములలో చేర్చినవి. వాత పిత్త కఫములు మూడును ఒక్కసారిగా ప్రకోపించుటయే సన్నిపాతమని ఆ శాస్త్రము చెప్పును. తంద్ర, మోహము, ప్రలాపము దాని గుర్తులని వర్ణించును. సాధించుటకు కష్టమైనదని హెచ్చరించును. పాశ్చాత్య వైద్యులు దీనికి డెలీరియమ్ అని పేరు పెట్టిరి. క్రీస్తు శకము మొదటి శతాబ్దమున రోమక గ్రంథకర్తయైన సెల్సస్ వాడిన మాట యిది. లాటిను భాషలో దీని మూలార్థము నాగటి చాలు తప్పుట. సేద్యము నెరిగిన మనకు ఇంతకన్న తేటయైన పోలిక అక్కరలేదు.

చాలు వంకర పోయినప్పుడు చాలును నిందించి ప్రయోజనము లేదు. ఎద్దు బెదరినదో, నేలలో రాయి తగిలినదో, మేడి పట్టినవానికి కన్ను తిరిగినదో చూడవలెను. సంధి విషయమును అట్టిదే. నిన్నటివరకు తెలివిగా మాటలాడిన వృద్ధుడు నేడు తికమకపడుచున్నచో, ‘వయసు మీద పడినది, ఇక నింతే’ యని నిట్టూర్చి యూరకుండరాదు. ఆయనకు జబ్బు చేసినదని గ్రహింపవలెను. ఆ జబ్బు ఒకప్పుడు ఊపిరితిత్తులలో నుండును. ఒకప్పుడు గుండెలో నుండును. పెక్కుమార్లు రెంటియందును ఉండును. నేడు నేను మీకు మనవి చేయదలచిన సంగతి యిదియే.

మొదట సంధి యనగా నేమో స్పష్టపరచుకొందము. వృద్ధాప్యమున వచ్చు మతిమరుపు వ్యాధి వేరు, సంధి వేరు. మతిమరుపు వ్యాధి నెలలమీద, సంవత్సరములమీద మెల్లగా ముదురును. సంధి గంటలలోనో, ఒకటి రెండు దినములలోనో పుట్టును. మతిమరుపు గలవాని స్థితి దినమంతయు ఇంచుమించు ఒక్కతీరుననే యుండును. సంధి పుట్టినవాడో, ఉదయము చక్కగా మాటలాడి, దీపములు పెట్టు వేళకు తారుమారగును; తెల్లవారుసరికి మరల తేరుకొనును. ఇంటివారు ఆ తేరుకొన్న వేళను చూచి, ‘ఇప్పుడు బాగానే ఉన్నారు గదా’ యని తృప్తిపడుదురు. ఈ హెచ్చుతగ్గులే దాని ముఖ్యలక్షణము.

1990లో షారన్ ఇనోయ్ అను అమెరికా వైద్యురాలు తన సహచరులతో గూడి, సంధిని గుర్తించుటకు నాలుగు లక్షణములను ఏర్పరచెను. హఠాత్తుగా వచ్చి హెచ్చుతగ్గులు చూపుట మొదటిది. ధ్యాస ఒకచోట నిలువకపోవుట రెండవది. ఆలోచనకు పొందిక తప్పుట మూడవది. మెలకువ మామూలుకన్న హెచ్చుగానో, తక్కువగానో ఉండుట నాలుగవది. మొదటి రెండును తప్పక యుండి, తక్కిన రెంటిలో నొకటియైనను కనబడినచో సంధియే యని యెంచవలెను. నేటికిని ఆసుపత్రులలో ఈ పద్ధతి వాడుకలో నున్నది.

ధ్యాసను పరీక్షించుటకు యంత్రములు అక్కరలేదు. వారముల పేర్లను వెనుకనుండి చెప్పుమనుడు: ఆదివారము, శనివారము, శుక్రవారము, ఈ క్రమమున. చదువు లేనివారును చెప్పగలరు. ముందెన్నడును తడబడని మనిషి నడుమ ఆగి, దారి తప్పి, అడిగిన ప్రశ్ననే మరచినచో, ధ్యాస చెదరినదన్నమాట. ఎప్పటినుండియో మతిమరుపు గలవారి విషయమున మాత్రము, నిన్నటికిని నేటికిని గల భేదమును చూడవలెను. ఆ భేదము ఇంటివారికి తెలిసినట్లు వైద్యునికి తెలియదు. ‘మా నాయనమ్మ నిన్న ఇట్లు లేదండీ’ యని మనుమరాలు చెప్పు ఒక్క మాట, వైద్యునకు ఒక రక్తపరీక్షతో సమానము.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయమును తొలగింపవలెను. సంధి యనగానే అరచుట, మంచము దిగి పరుగెత్తుట, గోడమీద పురుగులు ప్రాకుచున్నవనుట మనకు తోచును. అట్టి సంధి లేకపోలేదు. కాని వృద్ధులలో తరచుగా కనబడునది నిశ్శబ్దపు సంధి. రోగి గోడవైపు తిరిగి పండుకొనును. పిలిచిన పలుకును, వెంటనే కనులు మూయును. అన్నము నోటబెట్టినచో నమలుట మరచి యట్లే యుంచుకొనును. ‘అత్తయ్యగారు రెండు రోజులబట్టి ఎవరినీ ఏమీ అనడము లేదండీ, హాయిగా నిద్రపోతున్నారు’ అని కోడలు చెప్పును. అరచువానిని ఎల్లరును చూతురు. ఊరకున్నవానిని ఎవరును చూడరు. అందుచేత ఈ రెండవ రకము ఎక్కువగా కనుగప్పి పోవును. కనుగొనుట ఆలస్యమైన కొలది అపాయమును హెచ్చును.

ఇట్లు మెదడు ఏల తడబడును? మన శరీరపు బరువులో మెదడు నూటికి సుమారు రెండు పాళ్లు మాత్రమే. కాని మనము పీల్చు ప్రాణవాయువులో ఐదవ పాలు అదియే ఖర్చు పెట్టును. నిలువ చేసికొను గాదె దానికి లేదు. నిమిష నిమిషమును గుండె పంపు రక్తమువలననే అది పనిచేయవలెను. ఇన్‌ఫ్లుయెంజా, కోవిడ్ మొదలగు వైరసులు ఊపిరితిత్తులను పట్టినప్పుడు రక్తమునకు చేరు ప్రాణవాయువు తగ్గును. అంతే కాదు. వైరసును ఎదుర్కొనుటకై శరీరము విడుదల చేయు రసాయన ద్రవ్యములు రక్తమున తిరుగుచు, మెదడునందు సైతము వాపునకు సంబంధించిన మార్పులను రేపును. యువకుని మెదడు ఈ తాకిడిని ఓర్చుకొనును. ముసలి మెదడునకు వెనుకటి బలము తక్కువ. వైరసు మెదడును స్వయముగా చేరకున్నను సంధి పుట్టుటకు కారణ మిదియే.

1959లో జార్జి ఎంగెల్, జాన్ రొమానో అను ఇద్దరు అమెరికా వైద్యులు ఈ విషయమున ఒక మేలైన మాట చెప్పిరి. గుండె చాలకపోవుట, మూత్రపిండములు చాలకపోవుట యన్నట్లే, సంధి యనునది మెదడు చాలకపోవుట యని వారు నిర్వచించిరి. ఆయాసమును చూచి గుండెను పరీక్షించు వైద్యుడు, తికమకను చూచి మెదడునకు రావలసినది ఎక్కడ ఆగినదో వెదకవలెను. అట్లు వెదకువానికి దారిలో మొదట ఎదురగునది గుండె.

జ్వరము గుండెను ఏమి చేయునో యిక చూతము. శరీరోష్ణము సెల్సియస్ మానమున ఒక డిగ్రీ హెచ్చినచో, నాడి నిమిషమునకు సుమారు పది దెబ్బలు హెచ్చును. గుండె తనకు కావలసిన రక్తమును ముడుచుకొనునప్పుడు గాక, విచ్చుకొని విశ్రమించు క్షణమున ఎక్కువగా తీసికొనును. నాడి వడి హెచ్చిన కొలది ఆ విశ్రాంతి క్షణము కురచయగును. పని హెచ్చును, కూలి తగ్గును. అదివరకే హృదయధమనులు సన్నబడియున్న వృద్ధునకు ఇది దుర్భరము. దీనికి తోడు, ఆ ధమనుల గోడలలో ఏండ్ల తరబడి పేరుకొన్న క్రొవ్వు పొర, వైరసు రేపిన వాపుచేత పగులవచ్చును. పగిలినచోట నెత్తురు గడ్డకట్టును. జ్వరకాలమున నెత్తురునకు గడ్డకట్టు స్వభావమే హెచ్చి యుండును. ఆ గడ్డ దారి మూసినచో గుండెపోటు. కొందరికి వైరసు వలన గుండె కండరమే వాచును. మరికొందరికి గుండె లయ తప్పి, పై గదులు వణకుట మొదలిడును. అప్పుడు మెదడునకు రక్తము తగ్గుటయే గాక, గడ్డ యొకటి కొట్టుకొనిపోయి పక్షవాతము కలుగు భయమును గలదు.

ఇది ఊహ గాదు. మనుష్యుల ఇన్‌ఫ్లుయెంజా వైరసును 1933లో ఇంగ్లండున కనుగొనిరి. దానికి ఒక సంవత్సరము ముందే, 1932లో, సెల్విన్ కాలిన్స్ అను అమెరికా గణకుడు మరణముల లెక్కలు తీసి, ఇన్‌ఫ్లుయెంజా వ్యాపించిన కాలములలో గుండె జబ్బు పేర వ్రాయబడిన చావులును హెచ్చుచున్నవని చూపెను. 2004లో బ్రిటను వైద్యుల రోగి పత్రములను పరిశోధించినవారు, శ్వాసకోశపు అంటురోగము వచ్చిన మొదటి మూడు దినములలో గుండెపోటు భయము మామూలుకన్న సుమారు ఐదు రెట్లు, పక్షవాతపు భయము సుమారు మూడు రెట్లు ఉండునని కనుగొనిరి. 2018లో కెనడా దేశపు ఒంటారియో రాష్ట్రమున, పరీక్షలో ఇన్‌ఫ్లుయెంజా రుజువైనవారిని మాత్రమే తీసికొని లెక్కించిరి. మొదటి ఏడు దినములలో గుండెపోటు ఆరు రెట్లు హెచ్చినది. తక్కిన శ్వాసకోశ వైరసులవలన అంతకన్న తక్కువైనను, హెచ్చుట మాత్రము కనబడినది.

కావున గుండె, మెదడు రెండును ఒకే కాడికి కట్టిన ఎద్దుల వంటివి. ఒకటి కుంటినచో రెండవది నడువలేదు. గుండె బలహీనపడినచో మెదడునకు రక్తము చాలక సంధి పుట్టును. సంధి పుట్టినవాడు మందు ఉమిసివేయును, నీరు త్రాగడు, రాత్రి నిద్రపోడు, మంచము దిగ పెనుగులాడును. ఆ శ్రమ మరల గుండెమీదనే పడును. మరియొక చిక్కు గలదు. నడివయస్సువానికి గుండెపోటు వచ్చినచో రొమ్ము పట్టుకొని కూలబడును. ముసలివారిలో పెక్కురకు, ముఖ్యముగా మధుమేహము గలవారికి, రొమ్మునొప్పియే లేకుండ గుండెపోటు రావచ్చును. ఆయాసమో, చెమటయో, కడుపులో త్రిప్పుటయో, లేక ఉన్నట్టుండి మతి తప్పుటయో మాత్రమే దాని గుర్తు.

అట్లే వైరసు జ్వరమునకు జ్వరమే లేకపోవచ్చును. వృద్ధుల శరీరోష్ణము మామూలుగనే తక్కువ. అందుచేత ఉష్ణమాపకమున అంకె పెద్దగా కనబడకపోయినను, ఆ మనిషికి మామూలుగా నుండుదానికన్న ఫారన్‌హీట్ మానమున రెండు డిగ్రీలు హెచ్చినచో జ్వరముగనే యెంచవలెను. 2020లో అమెరికాలో అత్యవసర చికిత్సకు వచ్చిన, 65 ఏండ్లును ఆ పైబడినవారును అగు 817 మంది కోవిడ్ రోగులను పరిశీలించిరి. వారిలో నూటికి 28 మందికి సంధి యున్నది. ఆ సంధి గలవారిలో నూటికి 37 మందికి జ్వరముగాని, ఆయాసముగాని, మనము కోవిడ్ గుర్తులుగా చెప్పుకొను తక్కినవిగాని లేవు. అనగా వారి యిండ్లలో దగ్గును, జ్వరమును కనిపెట్టి యున్నవారికి వ్యాధి కనబడలేదు. మాట తీరును కనిపెట్టినవారికే కనబడినది.

సన్నిపాతమనగా దోషములు ఒకచోట కూడుట యని మొదట చెప్పితిని. పేర్లు వేరైనను, నేటి శాస్త్రమును ఇంచుమించు ఇట్లే చెప్పును. సంధికి సాధారణముగా ఒక్క కారణము గాక, పలు కారణములు కూడును. అందు కొన్నింటిని తెలియక మనమే తెచ్చిపెట్టుదుము. జలుబునకై అంగడిలో కొని యిచ్చు మాత్రలలో క్లోర్‌ఫెనిరమీన్ వంటి మందు కలిసియుండును. అది పిల్లలకు మత్తు కలిగించినట్లే, ముసలివారి మతిని చెదరగొట్టును, మూత్రమును బిగబట్టును. ముక్కుదిబ్బడకై కలుపు మందు రక్తపుపోటును హెచ్చించును. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పిమాత్రలు శరీరమున నీటిని నిలిపి, బలహీనమైన గుండెకును, మూత్రపిండములకును హాని చేయును. డెంగీ జ్వరమని అనుమానమున్నచో ఇవి రక్తస్రావమునకు దారితీయును గనుక అసలే తగవు. నిద్రపట్టుటలేదని ఇచ్చు నిద్రమాత్ర సంధిని ముదురజేయును. జ్వరమునకు, ఒళ్లునొప్పులకు వైద్యుడు చెప్పిన మోతాదున పారసిటమాల్ చాలును.

మధుమేహము గలవారి విషయమున మరింత జాగ్రత్త వలయును. అన్నము తినక, ఇన్సులిన్‌గాని, మాత్రగాని మామూలుగా పుచ్చుకొన్నచో రక్తమున చక్కెర పడిపోయి మతి తప్పును. చక్కెరను పరీక్షించు చిన్న యంత్రము ఇంట నున్నచో మొట్టమొదట దానిని వాడుడు. గుండె జబ్బునకు వాడు మందులను ఇంటివారు తమంతట మానిపింపరాదు. కాని నీరు తీయు మాత్రలు వాడువారికి వాంతులు, విరేచనములు పట్టుకొన్నను, ఆహారపానీయములు తగ్గినను, ఆ సంగతిని వైద్యునకు అదే దినమున తెలుపవలెను.

ఇక చేయవలసిన దేమి? వృద్ధునకు ఉన్నట్టుండి మతి చెదరినదని తోచినచో తెల్లవారువరకు వేచియుండరాదు. రొమ్మునొప్పి, ఆయాసము, నీలివన్నె పెదవులు, మూతి వంకరపోవుట, చేయి పడిపోవుట, లేపినను లేవకుండుట, వీనిలో ఏది కనబడినను వెంటనే 108కి ఫోను చేయవలెను. వ్రేలికి తగిలించు యంత్రమున ప్రాణవాయువు అంకె 94 కన్న తగ్గినచో, రోగి ‘నాకేమీ లేదు నాయనా’ యన్నను నమ్మరాదు. ఆసుపత్రికి పోవునప్పుడు ఇంటనున్న మందులన్నిటిని ఒక సంచిలో వేసికొని పోవుడు. వైద్యునితో మూడు మాటలు చెప్పుడు: మునుపు ఎట్లుండిరో, ఎప్పటినుండి మారిరో, ఏయే మందులు వాడిరో. గుండెకు ఇ.సి.జి. తీయుదురా, చక్కెర చూతురా యని వినయముగా అడుగుటలో తప్పులేదు.

శుశ్రూషయందు మందుకన్న మనిషి ప్రధానము. కండ్లజోడు పెట్టుడు, చెవియంత్రమున్నచో తగిలించుడు. చూపు, వినికిడి లేనివానికి గదిలోని నీడయే దొంగయగును. పగలు కిటికీ తెరచి వెలుతురు రానిండు. రాత్రి దీపము తగ్గించి సద్దు మాన్పుడు. మాటిమాటికి మనుష్యులు మారక, ఎరిగినవారొకరు ప్రక్కన కూర్చుండవలెను. ‘నేను మీ చిన్నకోడలినండీ మామయ్యగారూ, మనము ఆసుపత్రిలో ఉన్నాము, ఇవాళ బుధవారము’ అని మెల్లగా చెప్పవలెను. లేనివారు కనబడుచున్నారని ఆయన అన్నచో వాదము పెట్టుకొనరాదు, పరిహసింపరాదు. గంజి, మజ్జిగ, జావ కొంచెము కొంచెముగా, పూర్తిగా మెలకువగా నున్నప్పుడే, కూర్చుండబెట్టి పట్టవలెను. గుండె బలహీనమై నీటికి కొలత పెట్టినవారికి ఆ కొలతనే పాటింపవలెను. కాళ్లు చేతులు కట్టుట కూడదు. కట్టిన కొలది పెనుగులాట హెచ్చును. శక్తి యున్నచో పట్టుకొని నాలుగడుగులు నడిపింపవలెను.

ఇవి చిన్న పనులని తోచవచ్చును. 1999లో అమెరికాలోని యేల్ ఆసుపత్రిలో 70 ఏండ్లును ఆ పైబడినవారును అగు 852 మంది రోగులమీద చేసిన పరీక్షను చూడుడు. నడిపించుట, నీరు పట్టుట, నిద్రకు భంగము రానీయకుండుట, కన్ను చెవులకు సాయపడుట, తేదీని తావును గుర్తుచేయుట వంటి పనులను క్రమముగా చేసినచోట, సంధి పుట్టినవారు నూటికి సుమారు 10 మంది. మామూలు చికిత్స పొందినవారిలో 15 మంది. మన కుటుంబములలో రోగిని కనిపెట్టుకొని యుండుటకు మనుష్యులుండుట ఆచారమే. ఆ మనుష్యులకు ఏమి చేయవలెనో తెలిసినచో అదియే గొప్ప వైద్యము.

రాకుండ చేసికొనుట అన్నింటికన్న మేలు. ఇటీవల గుండెపోటు వచ్చినవారికి, లేక గుండెజబ్బు ముదిరినవారికి ఇన్‌ఫ్లుయెంజా టీకా వేసి చూచిన పరీక్ష యొకటి 2021లో ప్రకటింపబడినది. ఎనిమిది దేశములలో జరిగిన ఈ పరీక్షయందు 2,500 మందికి పైగా పాల్గొనిరి. ఒక సంవత్సరములో మరణముగాని, మరల గుండెపోటుగాని, ధమనిలో పెట్టిన గొట్టము మూసికొనుటగాని కలిగినవారు టీకా పొందినవారిలో నూటికి 5.3, పొందనివారిలో 7.2. ఈ టీకాను ఏటేట వేయించుకొనవలెను. మన దేశమున ఇన్‌ఫ్లుయెంజా వానకాలమునను, చలికాలమునను విజృంభించును గనుక, అంతకు ముందుగనే వైద్యుని సలహా పొందుట మంచిది. జలుబు చేసిన పిల్లలు తాతగారి ఒడిలో కూర్చుండుట నాలుగు దినములు మానినచో ప్రేమకు లోటు రాదు.

సంధి తగ్గినను, మతి పూర్తిగా కుదుటపడుటకు వారములు పట్టవచ్చును. కొందరు మునుపటివలె కారు. అందుచేతనే మొదటి గంటలకు ఇంత విలువ. పెద్దవారు పదిసార్లు అడిగిన ప్రశ్ననే మరల అడిగినప్పుడు విసుగు కలుగుట సహజము. ఆ విసుగును ఒక్క క్షణము ప్రక్కకు నెట్టి, ‘నిన్న ఈ ప్రశ్న అడిగినారా?’ అని తలపోయుడు. అడుగలేదని తోచినచో, నాడి పట్టి చూడుడు, ఊపిరి లెక్కించుడు, వైద్యుని పిలువుడు.